కమాన్: నెల్లూరు తీరం పికప్ బండ్ల కింద మన కారీగర్ల తారీఖ్



నెల్లూరు ముస్లింల తారీఖ్ రాసేవాళ్లు ఎక్కడ మొదలుపెడతారో మనందరికీ తెలుసు. ఆర్కాటు నవాబుల ఏలుబడి, నవాబు ముహమ్మద్ అలీ సోదరుడు నజీబుల్లా నెల్లూరులో చేసిన హుకూమత్, 1801లో ఈ ఇలాకా మొత్తం ఈస్టిండియా కంపెనీ చేతికి పోవడం. ఆ తర్వాత బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, రొట్టెల పండుగ, కసుమూరు, ఏఎస్ పేట. ఇదంతా మన విరాసత్, రాయాల్సిందే. కానీ ఆ దర్గాలకు జాయ్రీన్‌ని మోసుకొచ్చిన బండ్ల కింద వెల్లకిలా పడుకుని, కళ్లల్లో మట్టి రాలుతుంటే బోల్టులు బిగించిన మనుషుల తారీఖ్ మాత్రం మన కితాబుల్లో దాదాపు కనబడదు.

ఈమధ్య మన పిల్లల్ని "మీరు పంచర్లు వేసుకునేవాళ్లు కదా" అని తానా కొట్టడం ఫ్యాషన్ అయిపోయింది. ఆ మాటకి కోపం తెచ్చుకునే ముందు, అందులో ఉన్న అజ్ఞానం ఎంతో కొలిచి చూద్దాం. అందుకోసం ఒకే ఒక్క పుర్జా తీసుకుంటాను: పాత పికప్ బండి ముందు చక్రాల మీద ఉండే కమాన్ కట్ట. దాన్ని సరిచేయడం, బలపరచడం, మెరుగైనది బిగించడం అనే పనిలో ఎంత ఇల్మ్ ఉందో, ఎంత తారీఖ్ ఉందో, ఎంత జిమ్మేదారీ ఉందో చూద్దాం.

ముందు లఫ్జు

ఇంగ్లీషులో లీఫ్ స్ప్రింగ్ అనేదాన్ని మన మెకానిక్ షెడ్లలో కమాన్ కట్ట అంటారు. అందులోని ఒక్కో ఇనుప పలకని కమాన్ పట్టీ అంటారు. కమాన్ ఫారసీ మాట, అర్థం విల్లు. తీర్-కమాన్ అంటే బాణం-విల్లు. విల్లులా వంగిన కట్టడం కాబట్టి తోరణానికీ అదే పేరొచ్చింది. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర కుతుబ్‌షాహీల నాటి నాలుగు పెద్ద తోరణాలు చార్‌కమాన్ పేరుతోనే నిలబడి ఉన్నాయి. ఉర్దూలో స్ప్రింగుని కమానీ అంటారు.

ఈ విల్లు మనవాళ్లకి ఇంకో దారిలో కూడా పాత దోస్తే. దూదేకుల, నూర్‌బాషా బిరాదరీ తరతరాలుగా పత్తి ఏకింది విల్లుతోనే. తీగ లాగి కొట్టినప్పుడు విల్లు ఎంత వంగాలి, ఎంతలో ఆగాలి, ఏ దెబ్బకి దూది మబ్బులా లేస్తుంది అనేది వాళ్ల చేతులకి తెలుసు. బండి కింద ఉన్న కమాన్ కూడా విల్లే. వజన్ పడితే వంగుతుంది, వజన్ తీస్తే లేస్తుంది. లేవడం మానేసిన రోజున అది ఉత్త ఇనుప కట్ట.

షెడ్డులో వినబడే మిగతా మాటలు కూడా ఒకసారి చెవిన వేసుకోండి. లేత్ మిషన్‌ని పాతవాళ్లు ఖరాదు అంటారు, అది అరబ్బీ, ఫారసీల మీదుగా వచ్చింది. పుర్జా, పేచ్, ఉస్తాద్ ఫారసీవి. మిస్త్రీ పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిన మాట. ఇరుసు మన తెలుగు. బుష్, పిన్, బోల్టు ఇంగ్లీషు. పది అడుగుల షెడ్డులో ఇన్ని దేశాల జబాన్‌లు కలిసి కూర్చున్నాయి. ఏ యూనివర్సిటీ ప్లాన్ చేసీ ఇలా కూర్చోబెట్టలేదు, పని కూర్చోబెట్టింది.

జట్కా నుంచి జీపు దాకా

ఇనుప పట్టీల మీద బండిని కూర్చోబెట్టే పద్ధతి మోటారు కన్నా చాలా పాతది. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో బగ్గీలు తయారుచేసే ఒబడయా ఎలియట్ అనే కారీగర్ ఈ రకం స్ప్రింగుకి పేటెంట్ తీసుకున్నాడు. పొడవైన పట్టీ పైన, దానికన్నా పొట్టిది కింద, ఇంకా పొట్టిది దాని కింద, అన్నిటినీ నడుమ ఒక బోల్టుతో బిగించి, చివరల్ని బండికి కలపడం. గుర్రబ్బగ్గీలో కూర్చున్న దొర నడుము నొప్పి తగ్గించడానికి పుట్టిన ఈ ఆలోచన మన దేశానికి బగ్గీలతోనే వచ్చింది. తర్వాత జట్కాల కిందకీ చేరింది. జట్కా సాయిబు అనే మాట మన పట్టణాల్లో పెద్దవాళ్లకి ఇంకా గుర్తుంది. గుర్రానికి నాడాలు కొట్టే చోటే విరిగిన కమాన్‌కి కొత్త పట్టీ పడేది. మోటార్లు వచ్చాక కూడా ఇనుము అదే, వంపు అదే. జట్కా కమాన్ సరిచేసిన చేతికి లారీ కమాన్ కొత్త వింతేమీ కాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం జీపుని తెచ్చింది. అమెరికాలో విల్లీస్ కంపెనీ, ఫోర్డ్ కంపెనీ కలిసి యుద్ధకాలంలో 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. ఇక్కడ ఒక దిల్‌చస్ప్ సంగతి ఉంది. విల్లీస్‌లో ముఖ్య ఇంజినీరు డెల్మార్ రూస్, అందరూ బార్నీ రూస్ అనేవాళ్లు. ఈయన అంతకుముందు 1930ల్లో స్టూడీబేకర్ కార్లకి ముందు చక్రాలు దేనికది విడిగా ఎగిరి దిగే సస్పెన్షన్ తయారుచేసిన మనిషి. అంటే నజాకత్ ఉన్న కొత్త పద్ధతి ఆయనకి బాగా తెలుసు. అలాంటివాడు పనిచేసిన జీపుకి మాత్రం ముందు కూడా ఒకే నిండు ఇరుసు, దాని కింద కమాన్ పట్టీలే పెట్టారు. యుద్ధంలో కావాల్సింది మెత్తదనం కన్నా ముందు, విరిగితే ఊరి కమ్మరి కూడా అతికించగల సాదాతనం. ఆ సాదాతనమే తర్వాత మన తీరానికి పనికొచ్చింది.

రెండు కంపెనీలు, రెండు పేర్లు

ఆ జీపుని మన దేశానికి తెచ్చిన కంపెనీ అసలు పేరు ఇవాళ చాలామందికి తెలియదు. 1945లో జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా, మాలిక్ గులాం ముహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారంగా మొదలుపెట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ ముహమ్మద్. గులాం ముహమ్మద్ అలీగఢ్‌లో చదివినవాడు, లెక్కల్లో గట్టివాడు. దేశ విభజనతో ఆయన పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, 1951 నుంచి 1955 దాకా గవర్నర్ జనరల్‌గా ఉన్నాడు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఇంగ్లీషు పొడి అక్షరాలు రెండూ అలాగే మిగిలిపోయాయి, రెండో అక్షరం వెనక మనిషి మాత్రం మారిపోయాడు. ఆ తొలి ఏళ్లలోనే ఈ కంపెనీ విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించి అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత తర్వాత ఆ జీపు చాసీ వంశంలోనే వెనక తొట్టి ఉన్న సరుకు బండ్లు పుట్టాయి.

రెండోది మన హైదరాబాద్ ఆల్విన్. 1942లో నిజాం సర్కారు పారిశ్రామిక నిధి, అల్లాఉద్దీన్ కంపెనీ కలిసి పెట్టినది. ఆల్విన్ అంటే మన ఇళ్లలో ఫ్రిజ్జులు, చేతి గడియారాలు గుర్తొస్తాయి, కానీ ఆర్టీసీ బస్సుల బాడీలు కట్టడంలో దానికి పెద్ద పేరు. 1980ల నడుమ జపాన్ కంపెనీలతో కలిసి చిన్న లారీలు చేసే కంపెనీలు దేశంలో నాలుగు వచ్చాయి: డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, ఆల్విన్ నిస్సాన్. నాలుగోది మన జహీరాబాద్‌లో తయారైంది. 1980ల చివర్లో దాన్ని మహీంద్రా తీసుకుంది. జహీరాబాద్ ఫ్యాక్టరీ ఈనాటికీ మహీంద్రా కిందే నడుస్తోంది. ఒకప్పుడు ముహమ్మద్ పేరున్న కంపెనీ, అల్లాఉద్దీన్ పేరుతో మొదలైన కంపెనీ బండ్ల విభాగాన్ని కలుపుకుంది. పేర్లు రెండూ బోర్డుల మీద లేవు. బండ్లు మాత్రం రోడ్ల మీద తిరిగాయి, వాటి కింద కమాన్ పట్టీలూ తిరిగాయి.

కాలువ ఎండింది, రోడ్డు బరువెక్కింది

ఇప్పుడు మన తీరానికి వద్దాం. నెల్లూరు తీరంలో సామాన్ రవాణా చాలాకాలం నీళ్ల మీదే సాగింది. పెద్దగంజాం నుంచి మన తీరం వెంట మద్రాసు దాటి మరక్కాణం దాకా పోయే బకింగ్‌హామ్ కాలువలో ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల్లో పోయేవి. 1876-78 కరువులో కూలి కోసం వచ్చిన జనం చేతుల మీదుగా ఆ కాలువలో కొంత భాగం తవ్వారు. పడవకి కమాన్ అక్కర్లేదు, నీళ్లే దాని కమాన్. తుఫాన్లకు గట్లు తెగి, పూడిక పేరుకుని, 1970ల నాటికి ఆ రాకపోకలు పలచబడిపోయాయి. ఉప్పు, చేపలు, కట్టెలు అన్నీ రోడ్డెక్కాయి.

ఆ రోడ్డు ఎలాంటిది? మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె, కృష్ణపట్నం వైపు పోయినవాళ్లకి తెలుసు. కొంతదూరం నల్లరేగడి, వానపడితే జారుడు, ఎండితే పగుళ్లు. ఇంకొంచెం పోతే ఇసుక. ఆఖర్న ఉప్పు కయ్యల గట్లు. అందులో వచ్చిపడింది రొయ్యల జమానా.

1980ల చివరి నుంచి టైగర్ రొయ్య మన తీరం నక్షా మార్చేసింది. వరి మడులు చెరువులయ్యాయి. చెరువుకి విత్తనం రావాలి, మేత రావాలి, పట్టుబడి రోజున ఐసు రావాలి, రొయ్య మళ్లీ ఐసులో ప్లాంటుకి పోవాలి. ఇదంతా గట్ల మీద దూరగల చిన్న బండి పని. జీపు వంశం పికప్‌లు, జపాన్ రకం చిన్న లారీలు, 1980ల చివర్లో వచ్చిన టాటా మొబైల్ వగైరా ఆ పనికి దిగాయి. 1994-95లో తెల్లమచ్చ జబ్బు చెరువుల్ని ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతం రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో కోస్తా ఆక్వా చట్టం వచ్చింది. 2009లో వనామీ రకానికి ఇజాజత్ దొరికాక మళ్లీ చెరువులు నిండాయి. ఈ ఎత్తుపల్లాలన్నిటిలో మాలిక్‌లు కొందరు మారారు, కొందరు మునిగారు. పాత బండ్లు మాత్రం చేతులు మారుతూ తిరుగుతూనే ఉన్నాయి. బండి పాతదయ్యేకొద్దీ అది షోరూమ్‌ని వదిలి మిస్త్రీ చేతికి వస్తుంది. మన తారీఖ్ అక్కడ మొదలవుతుంది.

"ఒక పట్టీ ఎక్కించు భాయ్"

షెడ్డు ముందు వినబడే మాటలు ఇలా ఉంటాయి:

"ఏమైంది అన్నా?"

"ముందు పక్క కూలబడింది భాయ్. గుంటలో పడితే దడేల్‌మంటా ఉంది. ఒక పట్టీ ఎక్కించి పంపీ."

"పట్టీ సంగతి తర్వాత. ఏం సామాన్ ఏస్తా ఉండావో అది చెప్పు ముందు."

ఆ ఆఖరి మాటలోనే హునర్ అంతా ఉంది. డ్రైవర్‌కి కనబడేది బండి కుంగడం. మిస్త్రీ వెతికేది ఎందుకు కుంగిందో. ముందు చక్రాల మీద ఇంజిన్ బరువు ఎప్పుడూ ఉంటుంది. సామాన్ ఎక్కువగా వెనక ఇరుసు మీద పడుతుంది. కాబట్టి ముందు కమాన్ కుంగిందంటే కారణం బరువొక్కటే కాకపోవచ్చు.

మన తీరంలో మొదటి ముజ్రిమ్ ఉప్పు. ఐసు కరిగి కారే నీళ్లు, సముద్రపు గాలి, చెరువు గట్ల ఉప్పు బురద పట్టీల మధ్యకి చేరతాయి. కమాన్ కట్ట పనిచేసేదే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారడం వల్ల. ఆ రాపిడే కుదుపుని కొంత మింగేస్తుంది. తుప్పు పట్టి అతుక్కుపోతే పట్టీలు జారవు. కట్ట మొత్తం ఒకే మొద్దులా మారుతుంది. బండి ఎగిరెగిరి పడుతుంది, కొన్నాళ్లకి పై పట్టీ సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరో, కన్ను దగ్గరో పుటుక్కుమంటుంది. ఇలాంటి బండికి పట్టీ ఎక్కిస్తే రోగికి బరువు మోయించినట్టు. కట్ట విప్పి, పట్టీలు విడదీసి, తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు పూసి, పగుళ్లు వెతికి మళ్లీ కట్టాలి. పాత బండిలో సగం జబ్బులు అక్కడే కుదురుతాయి.

ఇక పట్టీ ఎక్కించడం అనే దాని హిసాబ్ చూడండి. ఒకే మందం, ఒకే పొడవున్న 5 పట్టీల కట్టకి అలాంటిదే 6వది కలిపితే గట్టిదనం దాదాపు 20 శాతం పెరుగుతుంది. కానీ పట్టీ మందం రెట్టింపు చేస్తే ఆ పట్టీ గట్టిదనం 8 రెట్లు అవుతుంది. అందుకే "దొడ్డు పట్టీ వేసెయ్" అనే డ్రైవర్ మాటకి తెలిసిన ఉస్తాద్ తల అడ్డంగా ఊపుతాడు. ముందు పక్క అతిగా గట్టిపడితే చక్రం నేలని విడిచి ఎగురుతుంది, స్టీరింగ్ చేతిని కొడుతుంది, చాసీకి పగుళ్లు వస్తాయి. వంపు ఎక్కువై బండి ముందు పక్క లేస్తే ఇరుసు కోణం మారి, బండి తిన్నగా పోవడం మానేసి అటూ ఇటూ వెతుక్కుంటుంది. ఆ కోణాన్ని సరిచేయడానికి ఇరుసుకీ కట్టకీ మధ్య ఏటవాలు ఇనుప ముక్క పెడతారు. ఎటువైపు పెట్టాలో తెలియనివాడు పెడితే జబ్బు రెట్టింపు.

కూలిన పట్టీని మళ్లీ విల్లుగా మార్చే పని ఇంకా నాజూకైనది. అది మామూలు ఇనుము కాదు, సిలికాన్ కలిసిన స్ప్రింగు ఉక్కు. ఫ్యాక్టరీలో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో నెమ్మదిగా పదును పట్టిస్తారు. ఆ పదునే దానికి వంగి లేచే బర్దాష్త్ ఇస్తుంది. చలువ ఇనుము మీద సమ్మెటతో ఒకే లెక్కలో దెబ్బలు వేసి వంపు తెచ్చే మిస్త్రీ ఆ పదునుని కాపాడతాడు. గ్యాస్ మంట పెట్టి వంచేవాడు ఐదు నిమిషాల్లో పని ముగిస్తాడు, పట్టీ ప్రాణం కూడా ముగిస్తాడు. వెల్డింగ్ పెట్టిన కమాన్ పట్టీ మీద ఎవరూ భరోసా పెట్టుకోకూడదు.

కాబట్టి పాత పికప్ ముందు సస్పెన్షన్ మెరుగుపరచడమంటే తెలిసిన షెడ్డులో ఒక తర్తీబ్ ఉంటుంది. మొదట షాక్ అబ్జార్బర్లు చూడాలి, కారిపోయినవి ఉంటే కమాన్‌ని తిట్టి లాభం లేదు. తర్వాత బుష్‌లు, షాకిల్ పిన్నులు, కింగ్ పిన్నులు. ఆ తర్వాత కమాన్ కట్ట. మార్చితే రెండు వైపులా మార్చాలి, ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది పెడితే బండి కుంటుతుంది. సెంటర్ బోల్టు, యు-బోల్టులు కొత్తవి వేయాలి. కొంతదూరం తిరిగొచ్చాక యు-బోల్టుల్ని మళ్లీ బిగించాలి, ఎందుకంటే కొత్త కట్ట సర్దుకున్నాక అవి వదులవుతాయి. విరిగిన సెంటర్ బోల్టుల వెనక చాలాసార్లు ఉండేది వదులైన యు-బోల్టే. చివరగా చక్రాల అలైన్‌మెంట్.

ఈ పనిలో గట్టిదనం ఒక్కటే చూసేవాళ్లకి రొయ్య విత్తనం ఒక సబక్ నేర్పింది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో బతికున్న పిల్లల్ని రాత్రిపూట చల్లగా తీసుకుపోవాలి. ఎండా, కుదుపూ రెండూ వాటికి దుష్మన్‌లే. ఐసు మోసే బండికి బర్దాష్త్ కావాలి, విత్తనం మోసే బండికి నజాకత్ కావాలి. ఒకే బండి ఈ రెండు పనులూ చేస్తుంటే ఆ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చేది మిస్త్రీయే. ఏ కితాబులోనూ ఆ కొలత దొరకదు.

విరిగి పారేసిన పట్టీ కూడా వృథా పోదు. కమ్మరి కొలిమిలో అది కొడవలి అవుతుంది, కొబ్బరి కత్తి అవుతుంది. బక్రీదుకి ముందు మన ఇళ్లలో సానబెట్టే మంచి ఛురీల్లో కొన్ని ఒకప్పుడు లారీ కింద బరువు మోసినవే. ఇనుముతో పనిచేసే మన కారీగర్లు హజ్రత్ దావూద్ అలైహిస్సలాంని తమ పనికి పెద్దదిక్కుగా తలుచుకోవడం ఊరికే కాదు.

పట్టీ పలచబడింది, కాయిల్ వచ్చింది

1994లో టాటా సుమో, 2000లో బొలేరో ముందు చక్రాలకి కాయిల్ స్ప్రింగులతో వచ్చాయి. రెండు చక్రాలు దేనికది ఎగిరి దిగే పద్ధతి. బార్నీ రూస్ 1930ల్లో కార్లకి చేసిన ఆలోచన మన పల్లె రోడ్డు బండికి చేరడానికి దాదాపు 60 ఏళ్లు పట్టింది. సరుకు బండ్లలో మాత్రం కమాన్ పోలేదు, రూపం మార్చుకుంది. నడుమ దొడ్డుగా, చివరలకి పోయేకొద్దీ పలచగా ఉండే పారాబోలిక్ పట్టీలు వచ్చాయి. పాత కట్టలో అరడజను పట్టీలు చేసే పనిని ఇవి ఒకటో రెండో చేస్తాయి. పట్టీల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి రాపిడి తక్కువ, ఉప్పు తుప్పు అతుక్కునే చోటూ తక్కువ, బండి మెత్తగా పోతుంది. అయితే రాపిడి లేదు కాబట్టి కుదుపు మింగే పనంతా షాక్ అబ్జార్బర్ల మీదే పడుతుంది. అవి బాగాలేకుంటే ఈ కమాన్ ఊగిపోతుంది. 2005లో వచ్చిన టాటా ఏస్, మనవాళ్లు ప్రేమగా పిలుచుకునే ఛోటా హాథీ, ఈ రకం పట్టీని గల్లీ గల్లీకి తెచ్చింది.

ఇది చూసి పాత బండ్లవాళ్లలో రెండు రకాల కోరికలు పుట్టాయి. ఒకటి, అదే ఇరుసు ఉంచి పాత కట్ట బదులు సరిపోయే మంచి కట్ట, మంచి షాక్‌లు వేయించుకోవడం. ఇది సబబైన కోరిక. రెండోది, చాసీ కోసి, ఇరుసు తీసేసి, వేరే బండి కాయిల్ సెట్టు మొత్తం వెల్డింగ్‌తో అతికించడం. ఇక్కడ మన పిల్లలు జాగ్రత్తగా ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకీ, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. రవాణా బండికి 8 ఏళ్లు దాటాక ఏటా ఎఫ్‌సీకి పోవాలి. అక్కడ ఆపితే నష్టం మాలిక్‌ది. రోడ్డు మీద ఆ వెల్డింగ్ వీడిపోతే నష్టం ఎవరిదో చెప్పనక్కర్లేదు.

సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం గురించి కూడా ఒక మాట. నికాహ్‌కో, దర్గాకో కుటుంబాలు పికప్ తొట్టిలో నిలబడి పోవడం మన ఇలాకాలో అందరం చూసిందే. తొట్టిలో నిలబడ్డ మనుషుల బరువు పైన ఉంటుంది. మలుపులో అటూ ఇటూ ఊగుతుంది. పట్టీలు ఎక్కించి ఎత్తు లేపిన బండి అలాంటి మలుపులో సులువుగా పల్టీ కొడుతుంది. ఐసు పెట్టెల కోసం కట్టిన కమాన్ ఆడవాళ్లనీ పిల్లల్నీ మోయడానికి కట్టింది కాదు. ఓవర్‌లోడ్ కోసం పట్టీ ఎక్కించమని అడిగే మాలిక్‌కి "వద్దు" అని చెప్పే మిస్త్రీ ఆ రోజు మజూరీ పోగొట్టుకుంటాడు. అయినా ఆ "వద్దు" అతని దగ్గర ఉన్న అమానత్.

ఈ ఇల్మ్ ఎవరికి అందుతుంది?

2006లో సచార్ కమిటీ ఇచ్చిన రిపోర్టు, ముస్లిం కార్మికులు ఎక్కువగా కనబడే పనుల్లో మోటారు బండ్ల అమ్మకం, రిపేరు కూడా ఉన్నాయని చెప్పింది. జీతం నౌకరీల కన్నా సొంత చిన్న పని మీద బతికేవాళ్లు మనలో ఎక్కువని కూడా చెప్పింది. అందులో బాధ ఉంది: నౌకరీ దొరక్క, చదువు సాగక షెడ్డుకి పోయిన పిల్లలెందరో ఉన్నారు. ఆ బాధని దాచి, షెడ్డు జిందగీని పాటలా పొగడటం ఇన్సాఫ్ కాదు. పదేళ్ల వయసులో పానా పట్టిన చేతికి బడి దక్కలేదు. ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేదు.

కానీ ఆ చేతులు సంపాదించిన ఇల్మ్ తక్కువదేమీ కాదు. ఉక్కు పదును, బరువు పంపకం, ఇరుసు కోణం, రాపిడి, ఉప్పు చేసే పని: ఇంజినీరింగ్ కాలేజీలో ఇవన్నీ వేరు వేరు పుస్తకాలు. తేడా ఏమిటంటే, మనవాళ్ల దగ్గర దానికి కాగితం లేదు. కాగితం లేని ఇల్మ్‌ని బ్యాంకు నమ్మదు, కంపెనీ నమ్మదు, పెళ్లి సంబంధం కూడా నమ్మదు. ఉస్తాద్ పోతే ఆయనతోపాటే పోతుంది.

ఇప్పుడు కొత్త బండ్లు కంప్యూటర్‌తో వస్తున్నాయి, కంపెనీ వర్క్‌షాపులు వచ్చాయి. 2008లో కృష్ణపట్నం పోర్టు కొత్తగా మొదలయ్యాక ఈ తీరానికి పెద్ద లారీలు వరసకట్టాయి. చిన్న షెడ్లకి రోజీ తగ్గుతోంది. ఇలాంటి టైంలో మన కుటుంబాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పని వచ్చినవాళ్లకి, పాత అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పథకం కేంద్రం నైపుణ్య కార్యక్రమంలో 2015 నుంచి ఉంది, దాన్ని వాడుకోవాలి. షెడ్డుకి పోయే కుర్రాడిని కనీసం పదో తరగతి దాటించి, ఐటీఐలో మెకానిక్ డీజిల్ ట్రేడ్ చదివించి అప్పుడు ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టాలి. అప్పుడు చేతిలో హునరూ ఉంటుంది, జేబులో కాగితమూ ఉంటుంది.

ఇంకో పని ఖర్చు లేనిది. మీ ఇంట్లో మామూ, చిచా, నానా ఎవరైనా షెడ్డులో పనిచేసి ఉంటే కూర్చోబెట్టి అడగండి. ఏ ఏడాది ఏ బండి మీద పని నేర్చుకున్నారు, ఉస్తాద్ ఎవరు, మొదటి మజూరీ ఎంత, ఏ పుర్జాని ఏమని పిలిచేవాళ్లు. ఫోన్‌లో రికార్డు చేయండి, నోటుబుక్కులో రాయండి. నవాబుల తారీఖ్ ఫర్మానాల్లో భద్రంగా ఉంది. కారీగర్ల తారీఖ్ వాళ్ల నోళ్లలో మాత్రమే ఉంది, వాళ్లకి వయసు మీద పడుతోంది.

ఈసారి ఎవరైనా మీ పిల్లాడిని పంచర్ మాటతో తానా కొడితే, కమాన్ పట్టీని గ్యాస్ మంట మీద ఎందుకు వంచకూడదో చెప్పమని అడగమనండి. జవాబు రాకపోతే మన పిల్లాడే తమీజ్‌గా చెప్తాడు, ఇన్షా అల్లాహ్.